పళ్ల గార చూసి నడుము నొప్పిని తేల్చేశాను

నల్లగొండ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న 29 ఏళ్ల డాక్టరమ్మ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కొన్ని మార్చి, అవసరమైనంత వరకు ఇస్తున్నాను.

ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో. నాయనమ్మ నడుము వంగిపోయి, చివరి పదేళ్లు మంచానికీ గోడకూ మధ్యే బతికింది. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రికి జ్వరం వచ్చింది. ఊరి ఆర్‌ఎంపీ నాలుగు రోజులు సూదులిచ్చి సెలైన్లు ఎక్కించాడు. ఐదో రోజు జీపులో హైదరాబాద్ తీసుకెళ్తుంటే తండ్రి దారిలోనే పోయాడు. ‘డాక్టర్ కావాలని నేను ఆ జీపులోనే అనుకున్నాను సార్’ అని రాసింది. చదువయ్యాక సొంత ప్రాంతంలోనే పోస్టింగ్ కావాలని అడిగి మరీ తెచ్చుకుంది. రెండున్నరేళ్లుగా అక్కడే ఉంది.

కొన్ని నెలల కింద యాభై దాటిన ఒక కూలి తల్లి నడుము నొప్పితో వచ్చింది. పళ్లకు గార. మెడ తిప్పడానికి కష్టపడుతోంది. ‘పళ్లు చూడగానే నాకు అర్థమైపోయింది. నాయనమ్మే వచ్చి స్టూలు మీద కూర్చున్నట్టనిపించింది.’ ఆమె చేయి పట్టుకుని చాలాసేపు మాట్లాడి, ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పట్టేశాయని చెప్పి, కాల్షియం, నొప్పి గోళీలు ఇచ్చింది. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు ఎట్లా పోవాలో కూడా చెప్పింది. నెలన్నర తర్వాత ఆమె మళ్లీ వస్తే అవే మందులు రాసింది. మూడోసారి ఆమె రాలేదు. కాళ్లు పడిపోతే పెద్ద దవాఖానకు ఎత్తుకెళ్లారని ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. ఎమ్మారై తీస్తే వెన్నుపూసల టీబీ అని తేలింది.

అంతకంటే ఎక్కువ గుచ్చుకున్న మాట స్టాఫ్ నర్సుది. ఆ తల్లి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పదిరోజులకోసారి డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేయించుకుంటోందట. ‘మీకు చెప్పాలనే అనుకున్నది మేడం. కానీ మొన్న ఒకాయన ఆర్‌ఎంపీ దగ్గరికి పోయిండని మీరు అందరి ముందు అన్ని మాటలన్నరు కదా, భయపడ్డది.’

హైదరాబాద్‌లో పెరిగిన తోటి డాక్టర్ ఒకాయన ‘నువ్వు పేషెంట్‌ను చూడవు, మీ ఇంటివాళ్లను చూస్తావు. సొంత ప్రాంతంలో పనిచేయకూడదు’ అన్నాడు. మూడు వారాలుగా ఆమెకు సరిగా నిద్ర లేదు. ఆమె అడిగినవి మూడు: నేను ఇక్కడ పనికిరానా? ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలా, లేక మనిషి ముఖం చూడక్కర్లేని పీజీ ఏదైనా చేసుకోవాలా? ఆ కుటుంబానికి నా పొరపాటు చెప్పాలా?

*

అమ్మా,

మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ముందు ఆగుతాను. ‘పళ్లు చూడగానే నాకు అర్థమైపోయింది.’ ఏం అర్థమైంది? పళ్లకు ఫ్లోరైడ్ గార పట్టేది పంటి పింగాణీ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు. ఆ తర్వాత అవే నీళ్లు ఎంత తాగినా ఎముకలకు చేటు గానీ పళ్లకు కొత్తగా గార రాదు. ఆ తల్లి చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగిందో ఆ గార చెప్పింది. యాభై ఏళ్లు దాటాక నడుము ఎందుకు నొస్తోందో చెప్పలేదు. ఇది మీకు తెలియక కాదు, పరీక్షలో అడిగితే ఒక పేజీ రాసేవాళ్లు. తెలిసిన ముఖం ఎదురుగా కూర్చునేసరికి, తెలిసిన పాఠం పక్కకు పోయింది.

అయితే మీరు మీకు వేసుకున్న శిక్ష మాత్రం నాకు ఎక్కువనిపించింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి ఆ వయసు మనిషి పట్టేసిన నడుముతో వస్తే ఫ్లోరైడ్ గుర్తుకురాని డాక్టర్‌తోనే ప్రమాదం. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పింది గానీ, పెద్దవాళ్ల ఎముకల్లో అంతకుముందే చేరింది ఎక్కడికీ పోలేదు. పైగా ముదిరిన ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ జబ్బు కూడా వెన్నుపామును నొక్కి కాళ్లను పడగొడుతుంది. ఒకే మనిషికి ఫ్లోరోసిస్, టీబీ రెండూ ఉండొచ్చు. కాబట్టి మొదటిసారి మీరు పడ్డ అనుమానం తప్పు కాదు.

తప్పు రెండోసారి జరిగింది. మందులు వాడినా తగ్గలేదని ఒక మనిషి బస్సెక్కి మళ్లీ వచ్చింది. అప్పుడైనా రాత్రిపూట నొప్పి లేపుతోందా, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందా, రవికలు వదులయ్యాయా, నడుస్తుంటే చెప్పు జారిపోతోందా, మూత్రం ఆగుతోందా అని అడగాలి. పడుకోబెట్టి వెన్ను మీద వేళ్లతో తట్టి చూడాలి, కాళ్ల బలం చూడాలి, ఎక్స్‌రేకు పంపాలి. ఆ రోజు కూడా మీరు ఆమె చేయి పట్టుకుని మాట్లాడారని రాశారు. చేయి పట్టుకున్నారు గానీ కాళ్లు చూడలేదు. మాట కటువుగా ఉంటే మన్నించండి. కానీ కాళ్లలో బలం తగ్గిందని తెలిసి ఉంటే, కారణం ఫ్లోరైడ్ అనుకున్నా సరే, పెద్ద దవాఖానకు పంపేవారే కదా.

ఇక స్టెరాయిడ్ సంగతి. డెక్సా పడుతుంటే నొప్పి, జ్వరం కొన్నాళ్లు అణిగి ఉంటాయి, లోపల టీబీ మాత్రం ఇంకా పెరుగుతుంది. అంటే మీరు జ్వరం గురించి అడిగినా ఆమె ‘లేదు’ అనేదేమో. ఆ ఒక్క సూది సంగతి మీ చెవిన పడి ఉంటే కథ వేరేగా ఉండేది. అది పడకుండా చేసింది మీ కోపం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు కనబడింది ఇదే. మీ వెంట ఇద్దరు దవాఖానకు వస్తున్నారు. నాయనమ్మ వచ్చినప్పుడు మీకు జాలి కలుగుతుంది, నాన్న వచ్చినప్పుడు కోపం వస్తుంది. జాలి మంచిది, కోపం చెడ్డది అని మీరు ఉత్తరమంతా వాటిని వేరు చేసి రాశారు. ఆ తల్లి విషయంలో రెండూ చేసిన పని ఒకటే, అడగాల్సిన ప్రశ్నను ఆపేశాయి.

నా సంగతి ఒకటి చెబుతాను. నాది కోదాడ దగ్గర సాగర్ కాలువ కింది ఊరు. 1980లలో ఉద్యోగం పాలమూరు జిల్లాలో, అచ్చంపేట వైపు వచ్చింది. చేరిన మొదటి ఏడాదే జ్వరంతో వచ్చిన పిల్లవాణ్ని మామూలు జ్వరమని ఇంటికి పంపాను. రెండో రోజు ఫిట్స్‌తో తెచ్చారు, దక్కలేదు. మెదడుకెక్కిన మలేరియా. ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర పాటు నా గదిలోకి వచ్చిన ప్రతి జ్వరమూ మలేరియానే. రక్తపు స్లైడు రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టేవాణ్ని. అట్లా ఒక ఆడపిల్ల టైఫాయిడ్ నా కళ్ల ముందే ముదిరి పేగుకు రంధ్రం పడింది. ఆపరేషన్ చేసిన సర్జన్ పుణ్యాన బతికింది. మా కాంపౌండర్ అప్పుడన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: ‘సారూ, ఆ పోరడు పోయినకాడి నుంచి మీరు జరం సూస్తలేరు, ఆ పోరన్నే సూస్తున్నరు.’ మీ తోటి డాక్టర్ మిమ్మల్ని అన్న మాటే. కాకపోతే మా కాంపౌండర్ ఆ తర్వాత నన్ను ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమనలేదు, టీ తాగమన్నాడు.

ఇది మన ఇద్దరి జబ్బే కాదు. కెనడాలోని ఒంటారియో డాక్టర్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2006లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. గుండె లయ తప్పినవాళ్లకు పక్షవాతం రాకుండా వార్ఫరిన్ అనే రక్తం పలుచన చేసే మందు ఇస్తారు. ఆ మందు వాడుతున్న తన పేషెంట్‌కు రక్తస్రావమైతే, ఆ డాక్టర్ తర్వాత వచ్చిన పేషెంట్లకు ఆ మందు రాయడం తగ్గించేశాడు. ఆ మందు ఇవ్వకపోవడం వల్ల పేషెంట్‌కు పక్షవాతం వస్తే మాత్రం, రాయడం పెంచలేదు. చేసింది బెడిసికొడితే మనసులో దిగబడుతుంది. చేయనిది అంతగా గుర్తుండదు.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, వచ్చే ఆరు నెలలు మీకు ప్రతి నడుము నొప్పీ టీబీలాగే కనబడుతుంది. నాట్లు వేసి నడుము పట్టేసిన ప్రతి ఆడమనిషినీ ఎమ్మారైకి పంపాలనిపిస్తుంది. ఆ పరీక్షకు పోవాలంటే వాళ్లకు రెండు రోజుల కూలి, ఆటో ఖర్చు, తోడు వచ్చేవాళ్ల కూలి. అప్పుడు నాయనమ్మ, నాన్నలతో పాటు ఈ తల్లి కూడా మీ గదిలో మూడో కుర్చీ వేసుకుంటుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, సొంత ప్రాంతంలో పనికిరారా అని. మీ తోటి డాక్టర్ మాటలో సగం నిజముంది, సగం లేదు. తనకు ఏ నేపథ్యమూ లేదని ఆయన అనుకుంటున్నట్టున్నాడు. ఉంది. నల్లా తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో, రాత్రి పది గంటలకు కూడా డాక్టర్ దొరికే నగరంలో పెరగడం కూడా నేపథ్యమే. అది ఆయనకు కనబడదు. ‘కాళ్లు గుంజుతున్నయ్’ అని ఒకరు, ‘తిమ్మిర్లెక్కుతున్నయ్’ అని ఒకరు, ‘కాళ్లు తేలిపోతున్నయ్’ అని ఒకరు చెబితే ఆయన చీటీ మీద మూడింటికీ కాళ్ల నొప్పులే పడే అవకాశముంది. మీకు మూడూ వేరని తెలుసు. నాకు పాలమూరులో ఆ తేడా పట్టుబడటానికి మూడేళ్లు పట్టింది, అదీ పేషెంట్లు నవ్వుతుంటే.

తమ మనిషి అనిపించే డాక్టర్ దగ్గర జనం ఎక్కువ ఒప్పుకుంటారు కూడా. అమెరికాలోని ఓక్లాండ్‌లో నల్లజాతి మగవాళ్లకు, చీటీ తీసినట్టుగా కొందరికి నల్లజాతి డాక్టర్‌ను, కొందరికి వేరే డాక్టర్‌ను కేటాయించి చూశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. నల్లజాతి డాక్టర్‌తో మాట్లాడినవాళ్లు ముందు జాగ్రత్త పరీక్షలకు ఎక్కువమంది ఒప్పుకున్నారు, ముఖ్యంగా రక్తం తీయాల్సిన వాటికి. మీ కేంద్రంలో ‘మన బిడ్డ చెప్పింది’ అని బీపీ గోళీలు మానకుండా వేసుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి రిజిస్టర్ చూసుకోండి. అది ట్రాన్స్‌ఫర్‌తో పాటు మీ వెంట రాదు.

కొత్త కన్ను విలువ కూడా నేను తీసిపారేయను. ఫ్లోరైడ్ పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే అవస్థను 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి నల్లగొండకు వచ్చి చూసినవాళ్లే. అందుకని మీ తోటి డాక్టర్ మీద అలగకండి. ఆయన్నే వాడుకోండి. రెండోసారి వచ్చినా తగ్గని కేసు ఏదైనా సరే, వివరాలు ఆయనకు ఫోన్‌లో చెప్పి ‘నువ్వైతే ఏమనుకుంటావు?’ అని అడగండి. మీరేమనుకుంటున్నారో ముందు చెప్పకండి. చెబితే ఆయన కూడా మీ దారినే పడతాడు.

ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే ఏమవుతుంది? కొంత ఊపిరి ఆడుతుంది, అది అబద్ధం కాదు. కొత్త చోట గారపళ్లు తక్కువ కనబడతాయి కాబట్టి నాయనమ్మ తక్కువ వస్తుంది. కానీ ఆర్‌ఎంపీ లేని ఊరు మన రాష్ట్రంలో మీకు ఎక్కడ దొరుకుతుంది? నాన్న అక్కడికీ వస్తాడు. పీజీ సంగతి వేరు. రేడియాలజీ, పాథాలజీ చదవడం పారిపోవడమని నేననను. ఫ్లోరోసిస్‌లో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడితే ఎక్స్‌రేలో ఎట్లా ఉంటుందో నల్లగొండ బిడ్డ ఒకతె ఇట్టే పట్టుకుంటే మాకూ లాభమే. నిద్రలేని మూడు వారాల్లో జీవితకాలపు కోర్సు తేల్చుకోవద్దని మాత్రమే నా మాట. చదవడం మొదలుపెట్టండి, ఏ సబ్జెక్టన్నది తర్వాత చూడొచ్చు.

ఉండిపోతే? ఉండిపోవడం కూడా ఉట్టినే జరగదు. ‘నాకు అర్థమైపోయింది’ అని లోపల వినబడ్డప్పుడల్లా పెన్ను కింద పెట్టే అలవాటు చేసుకోవాలి. ఇది కాకపోతే ఇంకేమై ఉండొచ్చు అని ఒక్కటి, ఒక్కటే, చీటీ మూలన రాసుకోండి. ఓపీలో ఎనభై మంది ఉన్నరోజు ఇది కుదరదని నాకు తెలుసు. అందరికీ వద్దు. ఎవరిని చూస్తే ఇంటివాళ్లు గుర్తొస్తారో వాళ్లకు, ఎవరి మీద కోపమొస్తుందో వాళ్లకు చాలు.

ఇంకొకటి కూడా చేయొచ్చు. 1950లలో లండన్‌లో మైఖేల్ బాలింట్ అనే ఆయన ఫ్యామిలీ డాక్టర్లను గుంపుగా కూర్చోబెట్టి, జబ్బు గురించి కాకుండా ఆ పేషెంట్ తమలో ఏం కదిలించాడో మాట్లాడించేవాడు. నెలవారీ రివ్యూ మీటింగ్ అయ్యాక మీరు నలుగురైదుగురు టీ దగ్గర ఒక గంట ఇదే పని చేయొచ్చు. మొదటి రెండుసార్లు అందరూ జీతాల గురించీ ఖాళీ పోస్టుల గురించీ మాట్లాడతారు. పర్వాలేదు.

ఆర్‌ఎంపీ గురించి. ఫిర్యాదు చేయొచ్చు, స్టెరాయిడ్లు అట్లా ఇవ్వడం చిన్న విషయం కాదు. చేస్తే ఒకాయన షాపు మూతపడొచ్చు, జనం పక్క ఊరాయన దగ్గరికి మరింత గుట్టుగా పోవచ్చు. వాళ్లు ఆయన దగ్గరికి తెలివి లేక పోవడం లేదు. ఆయన రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తాడు, ఉద్దెర పెట్టుకుంటాడు, మాటనడు. పిలిచి మాట్లాడటం ఇంకో దారి. పశ్చిమ బెంగాల్‌లో ఇట్లాంటివాళ్లకు తొమ్మిది నెలల పాటు 150 గంటల శిక్షణ ఇచ్చి చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. జబ్బుకు తగిన వైద్యం కొంత మెరుగైంది. అక్కర్లేని యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. అంటే మాటలతో సగం పనే అవుతుంది. నేనైతే మీ స్థానంలో ఇప్పుడే ఆయన ఎదుట నిలబడను. మీరు మాట్లాడబోయేది ఆయనతో కాదు, ఆ రోజు జీపు దాకా తెచ్చిన మనిషితో.

ఈ సోమవారం నుంచే చేయగలిగింది ఇంకొకటుంది. ‘ముందు ఎక్కడ చూపించుకున్నవ్? ఏం సూది ఇచ్చిండు? సీసా గానీ అట్ట గానీ ఉంటే తెచ్చి చూపెట్టు, ఏమనను’ అని ప్రతి ఒక్కరినీ అడగండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ తిట్లకు భయపడి దాచినవాళ్లలో అట్లాంటివాళ్లూ ఉండొచ్చు. ఆ రోజు అందరి ముందు మాటలు పడ్డ పెద్దాయన మళ్లీ వస్తే ‘ఆ రోజు ఎక్కువన్న, ఏమనుకోకు పెద్దయ్యా’ అని అందరి ముందే అనండి. వరండాలో కూర్చున్నవాళ్లు దాన్ని ఊరంతా మోస్తారు.

ఆ కుటుంబానికి చెప్పడం గురించి చివరికి ఉంచాను, నాకూ అది తేలిక కాదు కాబట్టి. చెప్పకపోతే బహుశా ఎవరూ అడగరు. కానీ వెన్ను టీబీకి మందులు ఏడాది పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువే వాడాలి, అవి మీ కేంద్రం నుంచే వెళ్తాయి. నెలనెలా ఆమె భర్తో కొడుకో మీ ముందు నిలబడతారు. నెలకోసారి ఆ ముఖం చూస్తూ మౌనంగా ఉండటం ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. చెబితే వాళ్లు అరవొచ్చు, పైకి ఫిర్యాదు చేయొచ్చు, ఊళ్లో మాట పుట్టొచ్చు. ‘పోనీ బిడ్డా’ అని కూడా అనొచ్చు, నిజానికి అదే తట్టుకోవడం కష్టం. వైద్యం చేయించుకున్న మనిషిగా ఏం జరిగిందో తెలుసుకునే హక్కు ఆమెకుందని నేననుకుంటాను. చెప్పాలనుకుంటే ముందు మీ పై అధికారికి చెప్పండి, ఒంటరిగా వెళ్లకండి. మాట చిన్నదిగా ఉండాలి: ‘రెండోసారి వచ్చినప్పుడు నేను ఎక్స్‌రేకు పంపాల్సింది, పంపలేదు. అది నా పొరపాటు. ఇప్పుడు చేయాల్సింది ఇది.’ నాయనమ్మ కథ అక్కడ చెప్పకండి. చెబితే వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆమె మంచం మీద ఉంది, ఆ పని ఆమెకు పెట్టొద్దు.

వెన్ను టీబీలో సరిగ్గా మందులు పడితే కాళ్లకు బలం తిరిగి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకు మందులు ఆగకూడదు, తిండి ఉండాలి, పుండ్లు పడకుండా పక్క మార్చేవాళ్లు ఉండాలి. టీబీ ఉన్నవాళ్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు రావాలి, 2024 నవంబర్ నుంచి అంత చేశారు. బ్యాంకు ఖాతా వివరాలు సరిపోక అది చాలామందికి ఆగిపోతుంది. ఆమెకు పడుతోందో లేదో మీరే చూడండి.

మీ నిద్ర సంగతి. ఇంకో వారం ఇట్లాగే ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డాక్టర్లు చేయకూడదని ఏమీ లేదు. ఆ లోపు, ఈ నెల ఆమె మందులు ఎవరు తీసుకెళ్లారో, అసలు తీసుకెళ్లారో లేదో రేపు పొద్దున్నే ఆశా కార్యకర్తను అడిగి కనుక్కోండి.